పలకల ఊళ్లో పేపర్ల లెక్క

మార్కాపురం వెళ్తున్నానంటే తెనాలిలో అందరూ ఒకటే అడిగారు: "చెన్నకేశవుడి దర్శనానికా?" కాదు, మా మేనల్లుడు వేస్తున్న లెక్కొకటి చూడ్డానికి అంటే ఎవరూ నమ్మలేదు. లెక్కలు చూడ్డానికి ఆడిటర్లు వెళ్తారు గానీ రిటైరైన లైబ్రేరియన్ ఎందుకు వెళ్తాడు?

వాడు అక్కడ ఒక ఇంజినీరింగ్ కాలేజీలో కంప్యూటర్లు చెబుతాడు. ఒకరోజు ఫోన్ చేసి, "మామయ్యా, బిబ్లియోమెట్రిక్ స్టడీ ఒకటి మొదలుపెట్టాను. మెషిన్ లెర్నింగూ డిజిటల్ భద్రతా కలిసే చోట ప్రపంచంలో ఎవరేం రాశారు, ఎప్పుడు రాశారు, ఎవరు ఎవరి పేరు చెప్పుకున్నారు, అదంతా తేల్చాలి. నువ్వొస్తే బావుంటుంది" అన్నాడు.

"నాకు మెషిన్ లెర్నింగ్ ఏం తెలుసురా?"

"తెలియక్కర్లేదు మామయ్యా. మనం ఆ పేపర్లు చదవం. లెక్కపెడతాం, అంతే."

ముప్పై ఏళ్లు పిల్లల్ని చదవండిరా చదవండిరా అని పోరినవాణ్ణి. చదవకుండా లెక్కపెట్టడానికి రమ్మంటే ఎలా ఆగుతాను? ఈ విద్య నాకు బొత్తిగా కొత్త కూడా కాదు. పుస్తకాల్నీ పాఠకుల్నీ గణితంతో కొలవాలని, దాన్ని లైబ్రామెట్రీ అనాలని 1948లో ఇంగ్లండు సభలో చెప్పింది మన రంగనాథన్ గారే. 1969లో అలన్ ప్రిచర్డ్ అనే ఆయన బిబ్లియోమెట్రిక్స్ అన్న పేరు పెట్టాడు. డిగ్రీలో ఇది నాకు నాలుగు మార్కుల ప్రశ్న. రాసేసి, మార్కులు తెచ్చుకుని, మర్చిపోయాను.

గుంటూరులో రైలెక్కాను. నరసరావుపేట దాకా కిటికీలో మనకి తెలిసిన లోకమే. వినుకొండ దాటాక నా కళ్లు తెలియకుండానే కాలవ కోసం వెతకడం మొదలుపెట్టాయి. తెనాలి వాడికి రోడ్డు పక్కన కాలవ లేకపోతే చొక్కాకి ఒక జేబు తక్కువైనట్టు ఉంటుంది. ఇక్కడ కాలవ లేదు. గుట్టలు, తుప్పలు, మధ్యమధ్య కందిచేలు, ఎక్కడో ఒక బోరు కింద ఒక పచ్చటి ముక్క. దొనకొండలో ఎదుటి సీటు పెద్దాయన చెయ్యి చాపి, బ్రిటిష్ వాళ్ల కాలం నాటి విమానాశ్రయం అటుందని చూపించాడు. నాకు మేకలు కనిపించాయి.

దిగిన స్టేషన్ బోర్డు మీద "మార్కాపూర్ రోడ్". బయట బస్సు మీద "మార్కాపురం". ఒక దుకాణం మీద "మార్కాపూర్". మారిక అనే భక్తురాలి పేరు మీద మారికాపురం అయింది, అదే అసలు పేరు అని ఆటో అతను. నాలుగు నిమిషాల్లో ఒకే ఊరికి నాలుగు పేర్లు. రాత్రికల్లా వీటితో నాకు పని పడుతుందని అప్పుడు తెలీదు.

వాడి అద్దె గది ఒక మేడ మీద. ఇంటి ఓనరు ఒకప్పుడు పలకల ఫ్యాక్టరీలో పనిచేశాడు. మెట్ల నిండా, గోడల నిండా నల్లటి పలకరాళ్లే. మనం ఇటుక మీద సిమెంటు పూసి, దాని మీద రంగు పూసి, ఆ రంగు వెలిసిందని ఏడుస్తాం. ఇక్కడ రాయి ఎలా పుట్టిందో అలాగే గోడెక్కింది. మెట్లెక్కుతుంటే అక్షరాభ్యాసం గుర్తొచ్చి, ఎక్కడ కాలు పడుతుందోనని సంకోచించాను.

ఆ రాత్రి లాప్‌టాప్ తెరిచాడు. స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ అని రెండు పెద్ద డేటాబేసులున్నాయి. వాటిలో పేపరు ఉండదు, పేపరు తాలూకు జాతకం ఉంటుంది: పేరు, రాసినవాళ్లు, వాళ్ల ఊరు, ఏడాది, కీవర్డులు, చివర్లో ఉదహరించిన పాత పేపర్ల జాబితా. "మెషిన్ లెర్నింగ్" అని ఒక పెట్టెలో, "సెక్యూరిటీ" అని ఇంకో పెట్టెలో కొట్టాడు. వేలకు వేలు వచ్చిపడ్డాయి. మొదటి పేజీలోనే వరి దిగుబడి మీద ఒకటి, కరువు అంచనా మీద ఒకటి.

"ఇవెందుకొచ్చాయిరా?"

"ఫుడ్ సెక్యూరిటీ మామయ్యా. అదీ సెక్యూరిటీయే కదా."

"ఎటాక్" అని చేర్చి చూస్తే గుండెపోట్లు వచ్చాయి. "వైరస్" అంటే కరోనా వచ్చింది. మజ్జిగ చెంబుతో పైకొచ్చిన ఓనరు కాసేపు చూసి, "తిండి భద్రత తీసేస్తాండారా సార్? మా వైపు ముందు అదే చూస్తాం" అన్నాడు. వాడు తీసేశాడు, కానీ తీసేసేటప్పుడు ఒక్క క్షణం ఆగాడు. రెండు గంటలు పట్టింది ఆ చెరగడానికి. బియ్యంలో రాళ్లేరడం అంటారు గానీ, ఇక్కడ ఏరేసేవన్నీ ఇంకెవరికో బియ్యమే.

తర్వాత జంటల పని. ఒకే పేపరు రెండు డేటాబేసుల్లోనూ ఉంటుంది. ఒకచోట కామా ఉంటుంది, ఒకచోట ఉండదు, యంత్రం రెండనుకుంటుంది. ఇది చిన్న విషయం అనుకోకండి. నెట్‌వర్కులోకి చొరబడే దొంగల్ని పట్టే ప్రోగ్రాములకి ఏళ్ల తరబడి పరీక్ష పెట్టింది కేడీడీ కప్ 99 అనే డేటాతో. 2009లో కొందరు కూర్చుని చూస్తే దాని శిక్షణ భాగంలో 78 శాతం, పరీక్ష భాగంలో 75 శాతం వరసలు ఒకదానికొకటి నకళ్లేనని తేలింది. వచ్చిన ప్రశ్నే మళ్లీ మళ్లీ వస్తే ఎవడికైనా నూటికి తొంభై తొమ్మిది వస్తాయి. నేను ఇన్విజిలేషన్ చేసిన రోజుల్లో ఈ పద్ధతికి వేరే పేరుండేది.

ఆ తర్వాత వచ్చారు రావుగార్లు. మనమేమో ఇంటిపేరు ముందు ఒక్క అక్షరంగా పెట్టుకుని పేరు తర్వాత రాస్తాం. డేటాబేసు పడమటి దేశాల అలవాటు ప్రకారం చివర ఉన్నదే ఇంటిపేరు అనుకుంటుంది. దాంతో శ్రీనివాసరావులూ వెంకటేశ్వరరావులూ అందరూ "రావు" అనే ఒకే ఇంటివాళ్లైపోయారు. రెడ్లందరిదీ ఇంకో ఇల్లు. "కె. ఎస్. రావు" అన్నాడంటే అందులో ఎందరున్నారో ఆ పెరుమాళ్లకెరుక. ఈ చిక్కు తప్పించడానికే 2012 నుంచి ఆర్కిడ్ అని పరిశోధకులకి పదహారు అంకెల గుర్తింపు ఇస్తున్నారు. కానీ అంతకు ముందు రాసినవాళ్లు? అది తీసుకోనివాళ్లు? ముప్పై ఏళ్లు కేటలాగు కార్డుల మీద ఇంటిపేర్లు విడదీసిన చెయ్యి నాది. నా ప్రయాణం ఖర్చు అక్కడ గిట్టింది.

అర్ధరాత్రి దాటాక వోస్‌వ్యూయర్‌లో బొమ్మ వేశాడు. నెదర్లాండ్స్‌లోని లైడెన్ యూనివర్సిటీ వాళ్లు తయారుచేసి ఉచితంగా ఇస్తున్న ప్రోగ్రాము అది. ఏ రెండు కీవర్డులు ఒకే పేపర్లో కలిసి కనిపిస్తాయో వాటి మధ్య గీత గీస్తుంది. ఎక్కువసార్లు కలిస్తే దగ్గరగా పెడుతుంది. ఎలా చెప్పను మీకు? ధనుర్మాసంలో వాకిట్లో చుక్కలు పెట్టాక గాలొచ్చి కొన్నిటిని చెదరగొడితే, అయినా పట్టుబట్టి కలిపిన ముగ్గులా ఉంది. నడిమధ్య అన్నిటికంటే పెద్ద చుక్క "మెషిన్ లెర్నింగ్". ఆ పేరుతోనే వెతికాం, అదే పెద్దదిగా కనిపించకేం చేస్తుంది? నేను నవ్వితే వాడు ముఖం ముడుచుకున్నాడు. దాని పక్కన చొరబాటు గుర్తింపు, మాల్‌వేర్, డీప్ లెర్నింగ్. వయసుని బట్టి రంగులు మార్చాడు: పాతవి ముదురు నీలం, కొత్తవి పసుపు. డేటాని ఎవరి దగ్గర వాళ్ల దగ్గరే ఉంచి పాఠం మాత్రం పంచుకునే ఫెడరేటెడ్ లెర్నింగ్, నేర్చుకున్న యంత్రాన్నే ఏమార్చే దాడులు, అంచుల్లో పసుపుపచ్చగా మెరుస్తున్నాయి. పేరు మార్చి మెసేజీ పెట్టో ఫోన్ చేసో మోసం చేసే ఫిషింగ్ ఎక్కడుందిరా అంటే, ఒక మూల చిన్న చుక్క చూపించాడు.

పడుకునే ముందు ఊళ్ల జాబితా దించుతుంటే ఒక వరస దగ్గర వాడు కుర్చీలోంచి లేచాడు. రచయిత చిరునామా: కంభం, ఇండియా. ఒకే ఒక్క పేపరు.

"మన కంభమే మామయ్యా! దగ్గరి స్టేషనే!"

ఆ సంబరంలో నిద్ర ఎక్కడ పడుతుంది? తెల్లారాక బజార్లో చెక్క ఫ్రేము పలక ఒకటి కొనుక్కున్నాను. గదికొచ్చి దాని మీద బలపంతో "కంభం - 1" అని రాసి కిటికీలో పెట్టాను.

మీరు వెళ్తే పలకలు తయారుచేసే చోటు తప్పకుండా చూడండి. రాయిని పగలగొట్టరు, విప్పుతారు. సన్నటి ఉలి అంచున పెట్టి చిన్న దెబ్బ వేస్తే పుస్తకంలో పేజీ విడినట్టు పొర విడుతుంది. ముక్కుకి గుడ్డ కట్టుకున్న ఒకాయన నా కళ్లముందే ఒక దిమ్మని ఎనిమిది పొరలుగా విప్పి, తొమ్మిదోది విరిగితే పక్కకి విసిరేశాడు. ఇప్పుడు బడిపిల్లల పలకలకంటే గోడలకీ నేలకీ అతికించే రాళ్లకే గిరాకీ. గాలి నిండా బూడిదరంగు దుమ్ము. నేను పది నిమిషాలకే దగ్గాను. ఆయన రోజంతా అక్కడే.

సందుల్లో దారి తప్పడం గురించి కూడా చెప్పాలి. చెన్నకేశవాలయం గోపురం ఊరంతటికీ కనిపిస్తుంది, కాబట్టి తప్పిపోరు అని అందరూ అంటారు. గోపురం కనిపిస్తుంది, నిజమే. మీ సందు కనిపించదు. మొదటి రాత్రి తిరిగొస్తుంటే ఐదు కుక్కలు చుట్టుముట్టాయి. రెండో రాత్రి మూడు. మూడో రాత్రి ఒకటి తలెత్తి చూసి పడుకుంది. 1987లో డొరొతీ డెన్నింగ్ చెప్పింది కూడా దాదాపు ఇదేనట: రోజూ జరిగేదేమిటో యంత్రానికి అలవాటు చెయ్యి, దానికి భిన్నంగా ఏదైనా కదిలితే అరవమను. "ట్రెయినింగ్ అయిపోయింది మామయ్యా" అన్నాడు మేనల్లుడు. మంచిదే కానీ, నేను దొంగనై మూడు రోజులు ఓపిగ్గా అటే తిరిగి ఉంటే? ఆ ప్రశ్న మీద కూడా బోలెడు పేపర్లున్నాయని వాడే ఒప్పుకున్నాడు.

మేడ మీద జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ పప్పు తింటూ ఓనరుకి బ్రాడ్‌ఫర్డ్ సూత్రం చెప్పబోయాను. 1934లో లండన్ సైన్స్ మ్యూజియం లైబ్రేరియన్ ఒకాయన గమనించాడు: ఏ విషయమైనా సరే, కొద్దిపాటి పత్రికల్లోనే మూడోవంతు వ్యాసాలుంటాయి, తర్వాతి మూడోవంతుకి చాలా ఎక్కువ పత్రికలు గాలించాలి, చివరి మూడోవంతుకి చెప్పనలవి కాదు. నేను సగం చెప్పేసరికే ఆయన అందుకున్నాడు. "బోర్లు ఇంతే కదా సార్. ఊళ్లో వంద బోర్లు ఏసినారనుకో. నీళ్లుండేది నాలుగింట్లో. మిగతావి ఒక బిందె, అర బిందె. ఆ ఎండిన వాటికే ఖర్చెక్కువ." ఆయన మూడు వేయించాడట, మూడూ ఎండినవే. ఇప్పుడు తాగే నీళ్లు ఇరవై లీటర్ల క్యాన్లో కొంటాడు. ఈ వైపు నీళ్లలో ఫ్లోరైడు బాధ పాతది. కొళాయి తిప్పి కాలవ నీళ్లు పారబోసుకునే మా ఊరు గుర్తొచ్చి, గ్లాసులో మిగిలిన గుక్క కూడా తాగేశాను.

మూడో రోజు కంభం బయల్దేరాను. మేనల్లుడికి క్లాసులున్నాయి, నేనొక్కణ్ణే. దారి చూద్దామని ఫోన్లో "కంభం" అని ఇంగ్లీషులో కొడితే అది తమిళనాట తేని జిల్లాకి దారి చూపించింది. గంటలకు గంటలు, ఘాట్ రోడ్లు. పక్కనున్న ఊరు తెలియదు గానీ అరవదేశం మాత్రం తెలుసు దీనికి, అని తిట్టుకుంటూ జేబులో పడేశాను. ఇంత తెలివైన యంత్రాల మీదే కదా ప్రపంచమంతా పేపర్లు రాస్తోంది!

కంభంలో దిగి టీ కొట్టు దగ్గర అడిగాను. డబ్బులు పడ్డాయని అరిచే డబ్బా పక్కన కూర్చున్న ఆమె, "యాడ్నించి వచ్చినారు సార్? ఏం పని మీద?" అంది.

"ఈ ఊళ్లో ఎవరో కంప్యూటర్ దొంగల్ని పట్టుకోవడం మీద పేపర్ రాశారమ్మా, వాళ్లని కలుద్దామని."

"పేపరాయనా? అదో, ఆ బండి మీదుండాడు సూడు" అని ఒక విలేకరిని కేకేసి పిలిచింది.

ఆయన బండి దిగొచ్చి నమస్కారం పెట్టాడు. ఈ చుట్టుపక్కల సైబర్ నేరాల వార్తలు రాసేది నేనే సార్, ఏది చదివారు మీరు, అన్నాడు. నా వివరణకి ఒక టీ ఖర్చయింది. అయినా నొచ్చుకోలేదు. కేవైసీ అప్‌డేట్ అని ఒక ఫోను, పార్శిల్లో మత్తుమందు దొరికింది, డిజిటల్ అరెస్ట్ చేశాం, కెమెరా ముందునుంచి కదలకు అని ఇంకో ఫోను, అలాంటి కథలు చెప్పుకొచ్చాడు. డబ్బు పోగానే 1930కి ఫోన్ చెయ్యమని ప్రతి వార్త చివరా రాస్తాడట. టీ కొట్టామె మధ్యలో కలగజేసుకుంది. "దొంగోడు కంప్యూటర్లోకి యాడ దూరతాండాడు సార్? సెవిలో దూరతాండాడు. మీ లెక్కలో వాడు ఉండాడా లేదా?"

ఉన్నాడమ్మా, మూల మీద చిన్న చుక్క, అన్నాను. ఆమెకి నచ్చలేదు. లెక్కలో పెద్ద చుక్క అంటే దాని మీద ఎక్కువమంది రాశారని మాత్రమే. ఎందుకు రాస్తారు? దానికి డేటా సిద్ధంగా దొరుకుతుంది, ముందువాడు రాసినదానికి ఒక శాతం చేర్చితే పేపరవుతుంది, ప్రమోషన్‌కి పేపరు కావాలి. 2023లో ఒక్క అంతర్జాతీయ ప్రచురణ సంస్థే 8,000కి పైగా పేపర్లు వెనక్కి తీసుకుంది. అవి లెక్కల్లో కూర్చుని ఎన్ని చుక్కల్ని ఉబ్బించాయో. టీ కొట్టామె చెవిలో దూరే దొంగ మాటలు డేటాగా ఎవరు పోగేసి పెట్టారు, అదీ తెలుగులో? విలేకరి ఇదంతా విని, "దీన్ని రాయొచ్చా సార్?" అన్నాడు. నా పేరు వేయొద్దన్నాను, రావుల్లో ఇంకొకణ్ణి కలపడం ఇష్టం లేక.

పేపరు రాసినవాళ్లెవరో ఎవరికీ తెలియలేదు. జూనియర్ కాలేజీలో అడిగాం, స్టేషన్ దగ్గర అడిగాం, లేదు. చివరికి ఆయనే బండెక్కించుకుని చెరువుకి తీసుకెళ్లాడు.

చెరువంటే మా వైపు అవతలి గట్టున బట్టలుతికేవాళ్లతో మాట్లాడగలిగేది. ఇక్కడ అవతలి గట్టు నల్లమల. గుండ్లకమ్మ, జంపలేరు కొండల్లోంచి దిగి ఒక ఇరుకు సందులోంచి వెళ్లిపోతుంటే, గజపతుల ఆడపడుచు, కృష్ణదేవరాయల రాణి వరదరాజమ్మ ఆ సందులో కట్ట వేయించిందంటారు. ఎత్తు 57 అడుగులట. రెండు కొండల మధ్య ఆ కాస్త అడ్డం పెట్టారు, అంత నీరు నిలిచింది. 2020లో దీన్ని ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తించారు. నేను వెళ్లిన ఏడు నీళ్లు బాగా ఉన్నాయి. ఎండిన ఏళ్లలో నేల మీద పశువులు మేస్తాయని విలేకరి చెప్పాడు. కట్ట మీద చాలాసేపు కూర్చున్నాను. ఏ వాగు నీళ్లు ఏవో అక్కడ ఎవరూ విడదీసి లెక్కపెట్టడం లేదు.

మర్నాడు గిద్దలూరు. పొద్దున్నే బస్టాండు దగ్గర పొట్లం విప్పితే తడిపి తాలింపు పెట్టిన బొరుగులు, పైన పుట్నాలపొడి, పక్కన మిరపకాయ బజ్జీ. ఉగ్గాని! ఇది కర్నూలు టిఫిన్ కదా, ఇక్కడికెలా వచ్చిందని ఆశ్చర్యపోయి, నా తెలివికి నేనే నవ్వుకున్నాను. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడే దాకా గిద్దలూరు, మార్కాపురం కర్నూలు జిల్లాయే. కాగితం మీద జిల్లా మారింది, నాలుక మారలేదు. మన ఇడ్లీకి అలవాటుపడ్డ నోటికి మొదటి ముద్ద చప్పగా అనిపిస్తుంది. బజ్జీ కొరికి మళ్లీ తినండి, అప్పుడు తెలుస్తుంది. నేను రెండు పొట్లాలు తిన్నాను. మూడోది రైల్లోకి కట్టించుకున్నాను.

దర్శనం లేకుండా ఇల్లు చేరితే మా ఆవిడ ఊరుకోదు కాబట్టి మహానంది వైపు రైలెక్కాను. దిగువమెట్ట దాటగానే నల్లమల మీద పడుతుంది. కిటికీలోకి కొమ్మలొస్తాయి, సొరంగం వస్తుంది, ఫోన్లో గీతలన్నీ పోతాయి. ఆ ముక్కలో తప్పకుండా కిటికీ పక్కన కూర్చోండి, పగటి బండే ఎక్కండి.

గాజులపల్లె దగ్గర సిగ్నల్ తిరిగొచ్చి ఫోను మోగింది. మేనల్లుడి మెసేజీ. ఆ కంభం రచయితకి మెయిల్ పెడితే పాపం పూర్తి పేపరు పంపాడట. చిరునామా చివర పిన్‌కోడ్ ఉంది. మనదైతే 5తో మొదలవ్వాలి. అది 6తో మొదలైంది. తేని జిల్లా.

సంచిలోంచి పలక తీశాను. ఎవరూ చూడకుండా, చిన్నప్పటిలాగే వేలు ఉమ్మితో తడిపి "కంభం - 1" చెరిపేశాను. ఫోన్లో తేనికి దారి ఇంకా తెరిచే ఉంది.